మూత తీయని గంట

గిన్నె పది నిమిషాలు కుతకుతలాడగానే బొంతలక్క గ్యాసు కట్టేసింది. చేతులకు పాతగుడ్డలు చుట్టుకుని గిన్నెను ఎత్తి, అడుగున బొంత పరిచిన చెక్కపెట్టెలో కూర్చోబెట్టింది. పక్కల సందుల్లో చిన్న బొంతలు కూరి, పైన ఇంకొకటి కప్పి, జ్వరం వచ్చిన పిల్లకు చేసినట్టు అంచులన్నీ లోపలికి దోపి, పెట్టె మూత వేసి, అప్పుడు గడియారం చూసింది. పదకొండుంబావు. దుంపలూ కోడిముక్కలూ తమ వేడికి తామే ఉడకాలి. పన్నెండుంబావు దాకా ఆ మూత తీయకూడదు. ఒక్కసారి తీశావా, ఉన్న వేడి కాస్తా పోతుంది, మళ్ళీ పొయ్యి వెలిగించాలి, చేసిన పొదుపంతా ఊదేసినట్టే. వీధిలో అందరికీ ఈ సంగతి నేర్పింది ఆవిడే. ఆ గంట గడవడమే కష్టమని అందరూ అంటుంటే, చేతిలో సూది ఉన్నవాళ్ళకు గంట ఎంతసేపమ్మా అని నవ్వేది కూడా ఆవిడే. ఈరోజు మాత్రం సూదిలో దారం ఎక్కించడానికే మూడుసార్లు పట్టింది. తమ్ముడు వస్తున్నాడు. పొద్దున్నే ఫోన్ చేసి, అక్కా, మధ్యాహ్నం భోజనానికి వస్తాను, నీతో ఒక మాట చెప్పాలి అని పెట్టేశాడు. నాలుగు నెలలయింది వాడీ గుమ్మం తొక్కి. వాడు చెప్పబోయే మాటేమిటో ఆవిడకు తెలియదు, తను అడగాల్సిన మాట మాత్రం నాలుగు నెలలుగా నాలిక చివరే ఉంది. ఆరోజు ఆ వార్త చదివినప్పుడు నీకు తెలుసా, తెలియదా?

అడిగితే ఏం చెబుతాడు. తెలుసంటే, తెలిసి తెలిసి అక్క చేత అబద్ధం మోయించిన తమ్ముడవుతాడు. తెలియదంటే, ఎవడో చేతిలో పెట్టిన కాగితాన్ని దేశం మొత్తానికి చదివి వినిపించే చిలక అవుతాడు. ఏ జవాబు వచ్చినా ఇంటికి వచ్చిన తమ్ముడు వచ్చినట్టు వెళ్ళడు. నిన్నరాత్రి కాదు, మొన్నా కాదు, ఇలా ఎన్నోసార్లు తనలో తనే తిప్పి చూసుకుంది, ఎటు కుట్టినా ముడి పైకే వచ్చే గుడ్డలాగా ఉంది. ఆయనకు చెబితే, బస్సు డిపోలో టైర్లు మార్చి మార్చి మాటల్లో కూడా బిగింపు వచ్చిన మనిషి, అడగకు అన్నాడు. ఎందుకంటే, అడిగితే చెబుతాడు కనక అన్నాడు. అంతే, తువ్వాలు భుజాన వేసుకుని పనికి వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన మాటలన్నీ ఏరి కుడితే ఒక దిండు గలీబు కూడా అవదు, కాని ఏ ముక్కా చిరగదు.

సూది పోయింది, వచ్చింది. ఇది పక్కవీధి మందులషాపు వాళ్ళ గిన్నె బొంత, గుండ్రంగా, మధ్యలో పాత స్వెట్టరు ఉన్ని దట్టించి కుడుతోంది. ఇంతకు ముందు ఏడాదికి ఇరవై బొంతలు కుడితే గొప్ప. ఇప్పుడు అటక మీద పాత బట్టల మూటలు కప్పు తగిలేదాకా పెరిగాయి. గ్యాసు ధర పెరిగిన కొద్దీ గిన్నెలకు చలి ఎక్కువైంది అని ఎదురింటి వదిన అన్న మాట వీధంతా తిరిగింది. ఎక్కడో సముద్రం అవతల ఇద్దరు కొట్టుకుంటే, ఓడలు ఎక్కడివక్కడ నిలిచిపోతే, ఈ గదిలో కిటికీ పక్కన కూర్చున్న తనకు చేతినిండా పని దొరికింది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆవిడకు వేలికి సూది గుచ్చుకున్నట్టు ఉంటుంది. ఒకరి కొంప కూలితే మరొకరికి కలప దొరికిందన్న సామెత తనకోసమే పుట్టిందా అనిపిస్తుంది. అయినా తను యుద్ధం కోరుకుందా ఏమన్నా. ఈ గిన్నె సంగతి అమ్మది. అమ్మ బట్టలుతికే ఫాక్టరీలో పొద్దుటి షిఫ్టు, పిల్లలిద్దరినీ ఇంట్లో వదిలి వెళ్ళాలి, వెలిగే పొయ్యిని వదిలి వెళ్ళలేదు. అందుకని తెల్లారకుండానే గిన్నె పొంగించి, దుప్పట్లలో చుట్టి మంచం కింద పెట్టి వెళ్ళేది. మధ్యాహ్నం ఆ మూట విప్పితే పొగలు. బడిలో ఎవరైనా మీ ఇంట్లో పొయ్యి లేదా అని అడిగితే తను సిగ్గుతో చచ్చిపోయేది. ఇవాళ అదే సిగ్గును వీధిలో ఆడవాళ్ళంతా వరసకట్టి నేర్చుకుంటున్నారు. అమ్మ ఉంటే నవ్వేది కాదు, ఆ నవ్వు కూడా వృథా ఖర్చే అనుకునే మనిషి. బహుశా మూట విప్పే ముందు చేసినట్టు, చెయ్యి పైన ఆనించి వేడి చూసేది.

కింద పాలబండి గంట మోగింది. పైవాటా మాస్టారి రేడియో గరగరలాడింది. ఆయన లెక్కల మాస్టారు, రిటైరయి పదేళ్ళయినా లెక్క మానలేదు. రోజూ మూడు స్టేషన్లు వింటాడు. ఒకటి వీళ్ళు గెలుస్తున్నారంటుంది, ఒకటి వాళ్ళు గెలుస్తున్నారంటుంది, మూడోది పాటలు వేస్తుంది. మూడూ కలిపి మూడుతో భాగిస్తే నిజం వస్తుందమ్మా అంటాడు. అలా వచ్చిన నిజమేమిటి మాస్టారూ అంటే, శేషం మిగిలింది, అది మనం కడుతున్నాం అంటాడు. టీవీలో వచ్చిన ఒక బొమ్మ అసలు సంగతి చెప్పింది కూడా ఆయనే. యుద్ధం మొదలైన వారంలో టీవీలో ఒక ఆడమనిషి కనిపించింది. గోడ లేని వంటిల్లు, నేలంతా సున్నం, మధ్యలో ఆవిడ వంగి పొయ్యి మీది గిన్నె మూత ఎత్తి లోపలికి చూస్తోంది. అంతే, మూడు నాలుగు క్షణాలు. మిగతావాళ్ళంతా అయ్యో అన్నారు. బొంతలక్క మాత్రం ఆ గిన్నెలో ఏముందోనని రెండురోజులు ఆలోచించింది. తరవాత మాస్టారు మెట్లు దిగి వచ్చి, అది ఈ యుద్ధం కాదట, పదేళ్ళనాటి ఇంకో యుద్ధానిదట, తీసుకొచ్చి అతికించారట అన్నాడు. వింటున్నవాళ్ళంతా చూశారా ఎంత మోసమో అన్నారు. ఆవిడకు మోసం మీద కోపం రాలేదు, వేరే దిగులు పట్టుకుంది. అయితే ఆవిడ పదేళ్ళుగా ఆ మూత ఎత్తుతూనే ఉందా మాస్టారూ అని అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మెట్లెక్కిపోయాడు.

పదకొండున్నర. పెట్టెకు చెంప ఆనించి చూసింది. చెక్క చల్లగానే ఉంది, అంటే వేడి లోపలే ఉంది, మంచిదే. ఆ ఏడుగంటల వార్తలు కూడా ఇక్కడే, ఈ గదిలోనే. తమ్ముడు టీవీలో వార్తలు చదవడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఏడు కాకముందే ఈ గది నిండిపోయేది. ఎవరింట్లో టీవీ లేదని కాదు, తమ్ముడి వార్తలు అక్క ఇంట్లో చూడాలని వాళ్ళకు వాళ్ళే పెట్టుకున్న పద్ధతి. వాడు నమస్కారం అంటే వీళ్ళంతా తిరిగి నమస్కారం పెట్టేవాళ్ళు. వార్త ఏదైనా, వీళ్ళు చూసేది వాడినే. చిక్కాడు అని ఒకరు, గడ్డం సరిగా గీసుకోలేదని ఒకరు. తను కుట్టిన చొక్కా వేసుకున్నాడా, కాలరు సరిగా కూర్చుందా అని తను. బాంబులు పడ్డాయని వాడు చదువుతుంటే తన కళ్ళు మూడో గుండీ మీద ఉండేవి. అదీ తప్పు. మనవాడు చదువుతున్నాడు కదా, ఇక వార్తను చూడటమెందుకు అనుకున్నారు అందరూ, ఇంటికి తెలిసిన కసాయి దగ్గర తూకం చూడనట్టు. ఆ సాయంత్రం వాడు చదివాడు, దేశంలో గ్యాసు నిల్వలు సరిపడా ఉన్నాయి, ధరలు పెరిగే అవకాశం లేదు, ప్రజలు ముందుగా కొని దాచుకోవలసిన అవసరం లేదు. ఆ మాట అయ్యాక ఒక్క రెప్పపాటు ఆగాడు. ఆగడం తను చూసింది. దారం తెగినప్పుడు ఆగినట్టు ఆగాడు అనుకుంది, గుక్క తిప్పుకుంటున్నాడేమో అనుకుంది, మళ్ళీ గుండీ చూసుకుంది.

అంతకు ముందురోజే గ్యాసు బండలు తెచ్చే మనిషి వీధిలో అందరికీ చెప్పి వెళ్ళాడు, అమ్మా, ఇంకో బండ ఇప్పుడే తీసుకోండి, వారం తరవాత నన్ను తిట్టుకోకండి అని. సరుకు అమ్ముకునేవాడు అంతకంటే ఏమంటాడు అని కొట్టిపారేసిందీ తనే. తెల్లవారగానే చీకూచింతా లేకుండా ఇల్లిల్లూ తిరిగింది. అక్కర్లేదు వదినా, మావాడు తన నోటితో చెప్పాడు. వద్దు మాస్టారూ, దండగ. పదిళ్ళు తిరిగి పది బండలు ఆపించింది. కడుపుతో ఉన్న బేకరీ కోడలి చేత అప్పటికే రాయించుకున్న బండ కూడా వద్దనిపించింది. పదకొండోరోజున ధర రెట్టింపయింది, ఇంటికి రెండు నెలలకు ఒకటే బండ అన్నారు. వీధి ఆవిడను ఒక్కమాట అనలేదు. తిట్టినా బాగుండేది. నవ్వారు. పాలవాడు రేపటి నుంచి పాలు చిక్కగా పోస్తానంటే, ఎవరు చెప్పారు, టీవీలో చెప్పారా అని ఎదురింటి వదిన అంది. అందరూ నవ్వారు, తనూ నవ్వింది, నవ్వుతూనే తలుపు దగ్గరికి వేసుకుంది. ఆ రోజు నుంచి ఏడింటికి అందరూ రావడం మానేశారు. తనొక్కతే కూర్చుని, శబ్దం తీసేసి, తమ్ముడి పెదాలు ఆడటం చూసేది.

ఆ గొంతు తన సూది వెంట నడిచి పెరిగింది, అది ఎవరికి తెలుసు. అమ్మ షిఫ్టులో ఉన్నప్పుడు తను కుట్టుపనికి కూర్చునేది, బడి మానేసి. వాడు ఎదురుగా కూర్చుని పొట్లాల కాగితాలు విప్పి చదివేవాడు. సబ్బు మీద రాసినవీ, మందుసీసా మీద రాసినవీ, చిరిగిన పత్రికలో సగం కథలూ. గబగబా చదివితే తన చేయి తప్పేది. నెమ్మదిగా చదవరా, సూదికి అందాలి అనేది. వాడు సూది లోపలికి వెళ్ళేటప్పుడు ఒక మాట, పైకి వచ్చేటప్పుడు ఒక మాట చదివేవాడు. సగం కథ చివర కాగితం చిరిగిపోయి ఉంటే, తరవాత ఏమైందిరా అని తను అడిగేది. లేదక్కా, ఇక్కడితో చిరిగిపోయింది అనేవాడే గాని, ఏదో ఒకటి కల్పించి చెప్పేవాడు కాదు. అంత చిన్నప్పుడు. కల్పించి చెబితే నేను నమ్మేదాన్ని కదరా, ఏం పోయేది అని ఇప్పుడు అనిపిస్తుంది. ఇప్పుడు టీవీలో ఆయన ఎంత నిదానంగా చదువుతాడండీ, ఒక్కో మాటా ముత్యమే అని అందరూ మెచ్చుకుంటారు. ఆ నిదానం అబద్ధాన్ని కూడా ముత్యం చేసిందే, అక్కడే వచ్చింది చిక్కు.

తలుపు చప్పుడైతే వాడే అనుకుని లేచింది. కాదు, ఎదురింటి వదిన, తన గిన్నె బొంత అంచు ఊడిందని పట్టుకొచ్చింది. చుట్టూ వాసన పట్టి చూసి, పెట్టె చూసి, ఎవరొస్తున్నారు వదినా అంది. దాచే సంగతి కాదు. తమ్ముడు అంది బొంతలక్క. వదిన ఊడిన అంచు వేళ్ళతో సాఫు చేసింది. తరవాత అంది.

“రానీ. మనిషి వస్తే సంతోషమే వదినా. వెంట వార్త తేకపోతే చాలు.”

ఇందులో విషం లేదని బొంతలక్కకు తెలుసు. బేకరీ కోడలికి పురుడు వచ్చిన రోజున నీళ్ళు కాచడానికి తన బండ ఊడదీసి భుజాన వేసుకుని ఇచ్చొచ్చింది ఈ వదినే, తరవాత నాలుగురోజులు ఇంటిల్లిపాదీ చల్లటి రొట్టె నమిలారు. నోరు ఒకటే వాడి, చెయ్యి మెత్తన. అంచు ఇటివ్వు, ఇప్పుడే కుట్టేస్తాను అంది బొంతలక్క. వద్దులే, రేపు ఇవ్వు, ఇవాళ నీ తమ్ముడు వస్తున్నాడు కదా అని వదిన వెళ్ళిపోయింది. బొంతలక్క మళ్ళీ మందులషాపు వాళ్ళ బొంత ఒళ్ళోకి తీసుకుంది. కిటికీలోంచి ఎండ వచ్చి మోకాళ్ళ మీద పడుతోంది, ఉన్ని వెచ్చగా ఉంది, వీధిలో పది ఇళ్ళలో పది గిన్నెలు మూతలు బిగించుకుని ఇలాగే ఉడుకుతూ ఉంటాయి, పొయ్యి వెలగకుండా, పొగ లేకుండా. చిత్రంగా ఆవిడకు సుఖంగానే అనిపించింది. ఏం చెబితే అది చెప్పనీ, వస్తున్నాడు కదా, రానివాళ్ళతో కదా అసలు భయం. ఒక్కసారి మూత ఎత్తి చూద్దామా అని చెయ్యి పెట్టె మీదికి పోయింది. వెనక్కి తీసుకుంది.

తమ్ముడు అనుకున్న దానికంటే ముందే వచ్చాడు, ఇంకా ఇరవై నిమిషాలు ఉండగానే. తను కుట్టిన చొక్కా కాదు, ఏదో మామూలు చొక్కా. టీవీలో కంటే పొట్టిగా, నిజానికి ఉన్నంతే, ఉన్నాడు. చెప్పులు విప్పి, నేల మీదే, ఆవిడకు ఎదురుగా కూర్చున్నాడు. ఇంకా ఉడకలేదురా, ఇరవై నిమిషాలు ఆగాలి అంది. తెలుసు, వాసన చూస్తే తెలిసింది అన్నాడు. ఆవిడ కుట్టసాగింది. అడగాల్సిన మాట ఇంకా అడగలేదు. వాడు సూది వంకే చూస్తూ, అది పైకి వచ్చిన తరవాత మొదలుపెట్టాడు.

“తెలుసక్కా. ఆరోజు చదివేటప్పుడే తెలుసు.”

సూది ఆగింది. కాగితంలో ఇంకో వాక్యం ఉండేదట, రాబోయే రెండు వారాల్లో పరిస్థితి మారవచ్చు అని. చదవడానికి కూర్చునే ముందు ఎవరో వచ్చి దాని మీద గీత కొట్టి వెళ్ళారట. గీత కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయట. వాటిని చూస్తూ మిగతాది చదివాడట. ఇదంతా వాడు టీవీలో లాగా చెప్పలేదు, వెనకా ముందూ చేసి, మింగి, మళ్ళీ మొదలుపెట్టి చెప్పాడు. నిన్న మళ్ళీ ఒక కాగితం ఇచ్చారట, నెలాఖరుకల్లా ధరలు తగ్గుతాయని. ఎవరన్నారు అని అడిగితే ఎవరూ చెప్పలేదట. కాగితం బల్ల మీద పెట్టేసి లేచాడట. ఇంకొకతను చదివాడు. వాడిని పొద్దుటిపూట వాతావరణ వార్తలకు వేశారట.

బొంతలక్కకు ముందు కోపమే వచ్చింది, ఒళ్ళంతా వేడిగా, చెవుల దాకా.

“మరి నాకెందుకు చెప్పలేదురా? ఒక్క ఫోన్ చేయలేకపోయావా?”

“నీకు చెబితే తెల్లారేసరికి వీధికి తెలుస్తుంది. ఎవరు చెప్పారంటే నా పేరొస్తుంది. భయపడ్డాను.”

అది నిజం, తనకు చెబితే పది గుమ్మాలూ తొక్కి చెప్పే ఉండేది, అలాగే తొక్కింది కూడా, అబద్ధం చేతబట్టుకుని. భయపడ్డాను అన్న మాట ఆవిడ లోపల ఎక్కడో దిగింది. చిలక కాదు. మోసగాడూ కాదు. ఉద్యోగం పోతుందని భయపడ్డ మనిషి, అందరిలాంటి మనిషి, నాలుగు నెలలు ఈ గుమ్మం ఎక్కలేక తిరిగిన మనిషి. నాలుగు నెలలుగా ఎటు తిప్పినా రెండే జవాబులు కనిపించాయి, ఇది మూడోది, ఇందులో వాడు వాడిగానే ఉన్నాడు. కోపం పోలేదు, కాని దాని పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది, చాలాకాలం తరవాత ఇంటికి వచ్చిన చుట్టంలా, చొరవగా. సరే, క్షమించేద్దాం, గిన్నె దించి వడ్డిద్దాం, ఎవరికీ చెప్పకుండా ఇద్దరమూ తిని ఊరుకుందాం అని ఒక క్షణం అనిపించింది. కాని ఆరోజు అబద్ధం తనొక్కతే విందా. తను మోసుకెళ్ళి ఇచ్చిన గుమ్మాలు పది ఉన్నాయి. అక్కడ తన మాట ఇంకా అప్పుడెక్కడ పడిందో అక్కడే పడి ఉంది.

బొంత పక్కన పెట్టి లేచింది. తలుపు తీసి, మెట్ల మీద నిలబడి, ఎదురింటి వైపు చూసి, వదినా, మావాడు వచ్చాడు, మీ అందరితో ఒక మాట చెబుతాడట, ఒక్కసారి రండి అని పిలిచింది. పైకి చూసి మాస్టారిని పిలిచింది. వదిన వచ్చింది, బేకరీ కోడలు పిల్లను ఎత్తుకుని వచ్చింది, వెనకే ఇంకో ఐదుగురు. వెనక్కి తిరిగి చూస్తే వాడి ముఖం పాలిపోయి ఉంది. రోజూ లక్షలమంది ఎదుట కూర్చున్నవాడు ఏడుగురిని చూసి చొక్కా అంచు నలుపుకుంటున్నాడు. వద్దక్కా అనలేదు. లేచి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. గీత సంగతి చెప్పాడు. గీత కింద ఏముందో చెప్పాడు. మా అక్కకు ఏమీ తెలియదు, నన్ను నమ్మి మీకు చెప్పింది అన్నాడు. రెండు చోట్ల మాట అందక ఆగిపోయాడు. చివర్లో ఏమనాలో తెలియక, అంతే అన్నాడు.

అప్పటికి మాస్టారు మెట్లు దిగి వచ్చాడు. బేకరీ కోడలు పిల్లను ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది. ఎదురింటి వదిన నడుము మీద చెయ్యి పెట్టుకుని వాడిని కిందినుంచి మీదిదాకా చూసింది.

“ఇది ఎవరు రాసిచ్చారు బాబూ?”

“ఎవరూ రాసివ్వలేదు వదినా. అందుకే తడబడుతున్నాను.”

వదిన ఇంకాసేపు వాడి ముఖం చూసింది. తరవాత కొంగు సర్దుకుని కింది మెట్టు మీద కూర్చుంది, పక్కన జాగా చేసి మాస్టారిని కూడా కూర్చోమంది.

“తడబడితే తడబడ్డావులే. మళ్ళీ మొదటినుంచి చెప్పు. మాస్టారు ఆలస్యంగా దిగారు.”